రెండు శ్రావణాలు

ఆ తుఫానును నేను మొత్తం ఫోన్‌లనే చూసిన. సముద్రం మీద తెల్లటి మబ్బు, నడిమిట్ల చిన్న గుంట. నిద్రల ఒత్తిగిల్లుతున్నట్టు మెల్లగ తిరుగుతుండె. వేలితో జరిపితే జరుగుతది, రెండు వేళ్ళతో లాగితే పెద్దగైతది. తార్నాకల మా మూడో అంతస్తు బాల్కనీల నిలబడి దాన్నే చూసుకుంట ఉంటే చాయ్ మీద మీగడ కట్టింది.

అమ్మ ఫోన్ దిక్కు చూడనే లే. తులసి కుండీని ఈడ్చి లోపల పెట్టింది. దండెం మీది బట్టలు తీసింది, ఆనక దండెం తాడు కూడా విప్పి చుట్ట చుట్టింది. బకెట్లు, బిందెలు, ఆఖరికి ప్రెషర్ కుక్కర్ నిండా కూడా నీళ్ళు పట్టింది.

"అమ్మా, అది బాపట్ల దిక్కు పోతున్నది. మనకు సముద్రం ఎక్కడున్నది? హబ్సిగూడ దాటినా కనవడదు."

"గాలికి అడ్రస్ ఉంటుందేంటే. ఆ కిటికీ గడియ వెయ్యి."

ఆమె ఆ సముద్రపు ఒడ్డు వదిలి తార్నాకకు వచ్చి నా వయసు కంటె ఎక్కువే అయింది. నేను ఇక్కడే పుట్టిన, ఇక్కడే పెరిగిన, నా నోట్ల 'గాడ', 'గీడ' వింటే ఆమె ఇప్పటికీ నుదురు కొట్టుకుంటది. కాని ఎక్కడో సముద్రంల వాయుగుండం అన్న మాట చెవిన పడితే చాలు, ఆమె చేతులు వాటంతట అవే లేస్తయ్. నవ్వొస్తది నాకు. ఆ రోజు మాత్రం నవ్వు రాలె.

ఎందుకంటే అక్క ఆడనే ఉండె.

అక్క అంటే మా పెద్దమ్మ బిడ్డ. పెద్దమ్మ పోయినంక అక్కకు పుట్టిల్లంటే మా ఫ్లాటే. అక్కను ఇచ్చిన ఊరు సముద్రానికి బాగా దగ్గర, మధ్యల ఒక సరుగుడు తోట, అంతే. మొదటి కాన్పు. తొమ్మిదో నెల పడంగనే తీసుకొచ్చి నా రూంల పెట్టాలని అమ్మ ఎప్పుడో ఫిక్స్ అయిపోయింది. నా మంచం, నా టేబులు, మంచం పక్కన చార్జింగ్ పాయింట్. నేను హాల్ల సోఫా మీదికి. ఆ విషయం మీద నాకూ అమ్మకూ ఒక లడాయి అప్పటికే అయిపోయి ఉండె.

ఇప్పుడు ఆ ఊర్ల పొద్దటి నుంచి మైకు ఆటో తిరుగుతున్నది. రేపటికల్లా అందరూ షెల్టర్‌కు రావాలని. నెలలు దగ్గరపడ్డ ఆడవాళ్ళను మాత్రం ఇయ్యాలనే టౌన్ల ఆసుపత్రికి తీసుకపోతున్నరు. గాలి మొదలైతే చెట్లు పడి రోడ్లు బంద్ అయితయ్, అప్పుడు నొప్పులొస్తే ఏ బండీ రాలేదు, అందుకని. ఆశా కార్యకర్త రెండుసార్లు ఇంటికొచ్చి పిలిచింది. అక్క వాళ్ళత్త రెండుసార్లు తిప్పి పంపింది.

"ఎనిమిదో నెల" అన్నదట ఆమె. అంతే. ఎనిమిదో నెలల గర్భిణి ఇల్లు కదలొద్దు. ఏడుల కదలొచ్చు, తొమ్మిదిల కదలొచ్చు, ఎనిమిదిల మాత్రం గడప దాటొద్దు. మా అమ్మ కూడా అందుకే తొమ్మిదో నెల కోసం చూస్తున్నది.

నేనాగలేదు. ఆమెకే డైరెక్టుగ ఫోన్ కొట్టిన.

"అత్తయ్యా, రేపు పగలల్లా అది మీ నెత్తి మీద ఉంటది. నేను చూస్తున్న ఫోన్ల."

"నువ్వు ఫోన్లో చూస్తన్నావు. నేను వాకిట్లో నిలబడి చూస్తన్నానమ్మా."

"మరి పంపరేంది?"

"ఎనిమిదో నెల."

"అయితే ఏమైతది? ఏ నెలనో తుఫానుకు తెలుస్తదా?"

"కడుపుకి తెలుస్తది."

"చదువుకున్నోళ్ళు ఒక్కళ్ళు లేరా ఆ ఇంట్ల?"

అటు దిక్కు నుంచి గాలి చప్పుడు ఒక్కటి వచ్చింది, ఎవరో దూరంగ చీపురుతో పెద్ద మైదానం ఊడుస్తున్నట్టు. అమ్మ నా చేతుల్లకెళ్ళి ఫోన్ గుంజుకున్నది. "వదినగారూ, అది పిచ్చిది, నోరు ఊరుకోదు. మీరేమనుకోకండి" అని వంటింట్లకు పోయి తలుపు దగ్గరికేసింది.

తిరిగొచ్చి ఫోన్ నా చేతిల పెట్టింది. "నీ నోటితో తుఫాన్లు ఆగవు. కాలేజీకి పో" అన్నది.

పోయిన. క్యాంపస్‌ల ఆ రోజు వెలుతురే వేరే ఉండె. పొద్దున్నే సాయంత్రం వచ్చి కూసున్నట్టు. తుంపర పడుతుందా లేదా అన్నట్టు పడుతున్నది, మొహానికి తగుల్తది గాని నేల తడవదు. నీలగిరి చెట్లు ఒక దిక్కే వంగి ఎవరి మాటో వింటున్నయ్. రోడ్డు పక్కన నెమలి ఒకటి తోక తడిసి, ఈడ్చుకుంట, ఎటో పని ఉన్నట్టు నడిచిపోయింది. ఇక్కడికి ఆ సముద్రం ఎంత దూరమో నాకు తెలుసు. కాని ఆ గాలిల ఉప్పు వాసన వచ్చిందని ఇప్పటికీ అనిపిస్తది. అమ్మకు చెప్తే, "వస్తుంది, ఎందుకు రాదు" అన్నది తర్వాత.

ఆర్ట్స్ కాలేజ్ మెట్ల మీద కూసున్న. అక్కే ఫోన్ చేసింది.

"ఏంటే, మా అత్తయ్య మీద ఎగిరావంట."

"నువ్వు పోవేంది అక్కా? నువ్వు పోతా అంటే ఎవరాపుతరు?"

"మెల్లగా మాట్లాడు, నీ గొంతుకి లోపలిది ఉలిక్కిపడతంది." నవ్వింది. ఆమె ఎప్పుడూ అంతే, కొంప మునుగుతున్నా నవ్వుతది. తర్వాత ఆగి అన్నది, "భయం అత్తయ్యకే అనుకుంటున్నావా? నాకూ ఉంది. చిన్నప్పటి నుంచీ వింటన్న మాట. కాదని పోయాక ఏమన్నా అయితే, ఆ మాటే బతుకంతా చెవిలో ఉంటది. ఉంటే ఒక భయం, పోతే ఒక భయం."

"బావ ఏమంటున్నడు?"

"మీ బావ చేలో ఉన్నారు. కోసిన వరి కుప్పేసి పట్టా కప్పాలి. ఆయనకి సాయంత్రం దాకా నేను గుర్తుండను." మళ్ళీ నవ్వు. "చీకటి పడేలోపు ఇంకో ట్రిప్పు వస్తదంట బండి. అదే ఆఖరుది. నువ్వు మాత్రం ఎవరికీ ఫోన్లు చెయ్యమాక."

పెట్టేసింది. నేను మళ్ళీ ఆ తెల్ల గుండ్రాన్ని తెరిచిన. పొద్దటి కంటె ఒడ్డుకు దగ్గరికొచ్చింది. ఆ ఒడ్డు మీద ఎక్కడో ఒక సూది మొనంత చోట్ల అక్క కూసొని ఉన్నది, ఆమె లోపల ఇంకొకరు కూసొని ఉన్నరు, వాళ్ళ మీదికి ఇంత పెద్ద నిద్ర నడిచొస్తున్నది. నేను వేలు పెట్టి దాన్ని పక్కకు జరిపిన. మ్యాప్ జరిగింది. అది జరగలే.

నా దోస్తు మిర్చీల పొట్లం పట్టుకొని వచ్చి పక్కన కూలబడ్డది. నల్గొండ దిక్కు పిల్ల, హాస్టల్ల ఉంటది, వాళ్ళది పత్తి చేను. సముద్రం ఇప్పటిదాకా చూడలే.

"ఏందే, మొహం గట్ల పెట్టినవ్? ఎవడు బ్లాక్ చేసిండు?"

మొత్తం చెప్పిన. ఆమె నవ్వుతదనుకున్న. నవ్వలే.

"మా దిక్కు గూడ కదిలియ్యరే ఎనిమిదిల. మా వదినను గూడ అట్లనే ఆపిన్రు." మిర్చీ కొరికింది. "ఏ నెల కాడికెళ్ళి లెక్క పెట్టిన్రు?"

"ఉగాది పోయినంక అట. చైత్రం."

ఆమె నూనె చేతి వేళ్ళను ఒకటొకటిగ మడిచింది. "చైత్రం, వైశాఖం, జేష్ఠం, ఆషాఢం, శ్రావణం..." ఆడ వేలు ఆగిపోయింది. "ఓయ్. ఈ యేడు శ్రావణాలు రెండొచ్చినయ్ కదనే."

"రెండేంది?"

"అధిక మాసం. నాకెట్ల యాది మరుస్తది? ఒక్క శ్రావణమైతే నెల రోజులు ఓర్చుకుంటం. మా అమ్మ రెండు శ్రావణాలు కోడిని ఇంట్లకు రానియ్యలే. సెలవులకు పోతే పప్పు, మళ్ళ పోతే మళ్ళ పప్పు. రెండోసారి ఏడ్సిన నేను."

పంచాంగం ఫోన్ల తీసిన. ఉన్నది. అధిక శ్రావణం, దాని వెనకనే నిజ శ్రావణం, ఒకే పేరున్న అక్కాచెల్లెళ్ళ లెక్క పక్కపక్కన. నేను మళ్ళీ మొదటి నుంచి లెక్కబెట్టిన. పేర్ల లెక్కన కార్తీకం ఎనిమిదోది. ఉన్న నెలల లెక్కన తొమ్మిదోది. అక్క వాళ్ళత్త పేర్లు లెక్కబెట్టింది, ఒక్కో పేరుకు ఒక్కసారే.

అమ్మకు ఫోన్ చేసిన. "అమ్మా, శ్రావణాలు రెండు."

అమ్మ గాజుల చప్పుడొచ్చింది, ఒక్కో వేలికి ఒక్కోసారి. ఆ చప్పుడు ఆగినంక అన్నది, "తొమ్మిదే. బేసి నెల. నాకెందుకు తట్టలేదే ఇది?"

"నేను చెప్తా అత్తయ్యకు."

"నువ్వు చెప్పావంటే అది కాస్తా పదకొండో నెల అవుతుంది. లైన్లో ఉండు. నోరు మాత్రం తెరవకు."

ముగ్గురి కాల్ కలిపిన. నేను, నా దోస్తు ఒక్క ఫోన్‌కు చెరో చెవి పెట్టి ఆ మెట్ల మీద కూసున్నం. మిర్చీ వాసన, తుంపర, దూరంగ ఎవరో అడ్మిషన్ల మీద నినాదాలిస్తున్నరు.

అమ్మ తొందర పడలే. ముందు గేదె ఈనిందా అని అడిగింది. వరి ఎంత కోశారని అడిగింది. నాకు పళ్ళు పటపటమన్నయ్, నా దోస్తు నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. అప్పుడు మెల్లగ అన్నది అమ్మ, "వదినగారూ, ఒకసారి నెలలు మళ్ళీ లెక్కపెడదామా. శ్రావణం దగ్గర రెండు వేళ్ళు ముడవండి."

అవతల గాలి మైదానం ఊడుస్తనే ఉన్నది.

"అధిక మాసం లెక్కలోకి రాదంటారు కదా వదినగారూ" అన్నది ఆమె. గొంతు పొద్దటిది కాదు. గట్టిగ మూసిన తలుపు కాదు, దగ్గరికేసిన తలుపు.

"పెళ్ళిళ్ళకి రాదు. గృహప్రవేశాలకి రాదు. కడుపులో బిడ్డ ఆ నెల పెరగడం మానేసిందా?"

 తర్వాత ఆమె మెల్లగ, తనలో తనే, పేర్లు చదవడం వినిపించింది. చైత్రం, వైశాఖం. శ్రావణం దగ్గర ఆగింది. ఇంకోసారి శ్రావణం అన్నది. కార్తీకం దాకా పోయి ఊపిరి వదిలింది.

"తొమ్మిదే" అన్నది.

"తొమ్మిదే వదినగారూ."

"అయినా, తొమ్మిదో నెలలో కదిలించాలంటే పుట్టింటి వాళ్ళు రావాలి. బొట్టు పెట్టి, చలిమిడి పెట్టి తీసుకెళ్ళాలి. ఎవరో మైకోళ్ళు పిలిస్తే పంపుతామా ఆడపిల్లని?"

"ఆ బండి నేనే పంపాననుకోండి. చలిమిడి ఇక్కడ చేస్తున్నా. చీకటి పడేలోపు ఫోన్లో వస్తాం."

కాల్ అయిపోయినంక నా దోస్తు ముక్కు తుడుచుకున్నది. "ఘాటు" అన్నది మిర్చీ పొట్లం దిక్కు చూపిస్తూ.

ఇంటికి పోయేసరికి అమ్మ దోశెలకని నానబోసిన బియ్యాన్ని వడగట్టి గుడ్డ మీద పోసింది. చలిమిడికి తడి పిండే కావాలి. మిక్సీ పోయిన వారమే కాలింది. "పిండిమరకి వెళ్ళు" అన్నది. నేను, నా దోస్తు, స్కూటీ, ఒళ్ళో తడి బియ్యం గిన్నె. మాణికేశ్వర్ నగర్ సందుల్ల గిర్ని ఉన్నది, గిర్నాయన గిన్నె మూత తీసి చూసి మళ్ళీ మూసిండు.

"తడి పిండి పట్టం."

"పడ్తరు. సకినాలకు పడ్తరు కదా."

"అది పండుగకు. దానికి వేరే గిర్ని ఉంటది, ఇప్పుడు తియ్యం."

"తియ్యనీకి ఏమైతది మీకు?"

"ఏమైతది? కడగాలె, ఆరాలె, మళ్ళ బిగియ్యాలె. నువ్వొచ్చి కడుగుతవా?"

నేను ఏం అనబోయిననో నా దోస్తుకు తెలుసు. నన్ను పక్కకు నెట్టింది. "కాకా, సముద్రం కాడ ఈమె అక్క ఉన్నది. కడుపుతోటి. తుఫానొస్తున్నది. చలిమిడి పెట్టనిదే అత్త ఇల్లు కదలనిస్తలేదు. పొద్దుగూకే లోపల కావాలె."

ఆయన ఆమె దిక్కు, నా దిక్కు, గిన్నె దిక్కు చూసిండు. "సముద్రం కాడికి గీడికెళ్ళి ఎట్ల తీసుకపోతరు?"

"వీడియో కాల్ల."

కాసేపు ఆలోచించి లోపల గోనె పట్టా తీసిండు. కింద పండుగ గిర్ని, నిద్రపోతున్న గేదె లెక్క. "చలిమిడి అంటున్నవ్, మెత్తగ పట్టాలె అయితే" అని బెల్టు ఎక్కించిండు. పిండి వెచ్చగ, తడిగ, మంచు లెక్క రాలింది. ఆ సందుల్ల ఆ తెల్లదనం చూస్తుంటే నాకు మళ్ళీ ఫోన్లోని ఆ గుండ్రం గుర్తొచ్చింది. జేబుల్లకెళ్ళి తీసి చూద్దామనుకున్న. రెండు చేతులా గిన్నె ఉండె.

ఇంట్ల బెల్లం పాకం ఉడుకుతున్నది. అమ్మ పిండి పోసి కలుపుతుంటే నేను గిన్నె పట్టుకున్న.

"ఒక్క మాట చెప్పు అమ్మా. ప్రాణం మీదికి వస్తుంటే ఇంత తమాషా అవసరమా?"

అమ్మ కలపడం ఆపలే. "ఆవిడకి మీ బావ కంటే ముందు ఒక కాన్పు ఉంది. అప్పుడూ ఇలాగే తుఫాను. ఎనిమిదో నెల. అందరూ భయపడి ఎడ్లబండి ఎక్కించారు. గోతుల దారి. ఊరు దాటకముందే..." నెయ్యి చెంచా అందుకున్నది. "ఇంటికొచ్చాక ఇల్లు చెక్కుచెదరలేదు. చూరు మీద ఆకు కూడా లేవలేదు. అందుకని, కదలకుండా ఉంటే బతికేదని ఆవిడ లెక్క."

 పాకం చిక్కబడుతుంటే గిన్నె బరువెక్కింది.

అమ్మ మొహం కడుక్కొని పట్టుచీర కట్టుకున్నది. పళ్ళెంల చలిమిడి ముద్ద, కొబ్బరి చిప్ప, గాజులు. నా ఫోన్‌ను దేవుడి గూట్ల పసుపు డబ్బాకు ఆనించి నిలబెట్టింది. నా ఫోన్ అంతసేపు నా చేతిల లేకుండ ఉండడం అదే మొదటిసారి కావచ్చు. కాల్ కలిసింది. తెర మీద బూడిద రంగు వెలుతురు. అక్క వాకిలి, వెనక సరుగుడు తోట ఊగుతున్నది, బొమ్మ ఆగి ఆగి కదుల్తుంటే చెట్లు ఒక్కసారి వంగి అట్లనే ఉండిపోయినట్టు, మళ్ళీ లేచినట్టు. అక్క సంచి పట్టుకొని అరుగు మీద కూసున్నది. గేటు దగ్గర బండి, దాని దగ్గర ఆశా కార్యకర్త.

"తొందరగా కానియ్యండమ్మా, ఇంకా ఇద్దర్ని ఎక్కించుకోవాలి" అంటున్నది ఆమె.

"అమ్మా, నిన్నే" అన్నది మా అమ్మ గూట్ల ఫోన్ దిక్కు చూసి, ఆ ఆశా కార్యకర్తతోటి. "ఇలా రా తల్లీ. పుట్టింటి తరఫున నువ్వే బొట్టు పెట్టాలి."

ఆమె తెర దగ్గరికొచ్చి తొంగి చూసింది. "నేనా? ఇయ్యాల ఈ ఊరందరికీ పుట్టిల్లు నేనేనమ్మా. ఇటివ్వండి కుంకం."

అక్క నవ్వింది. అత్త నవ్వలే. ఇంట్ల ఉన్న బియ్యప్పిండి, బెల్లం అరచేతుల్ల వేసి పిసికి చిన్న ముద్ద చేసుకొని ఉన్నది. మా అమ్మ తన పళ్ళెం తెరకు దగ్గరగ ఎత్తింది.

"వైఫైల పోతదా ఆంటీ ఇది?" అన్నది నా దోస్తు వెనక నుంచి.

"పోతుంది. నువ్వు పక్కకి జరుగు, నీ తల అడ్డం." మళ్ళీ తెర దిక్కు తిరిగింది అమ్మ.  "అమ్మా, పురిటికి మన ఇంటికి రా. బండి పంపాను."

"వస్తన్నా పిన్నీ" అన్నది అక్క.

అత్త ఆ ముద్ద అక్క నోట్ల పెట్టింది. వేళ్ళు కొంచెం సేపు అక్క గడ్డం మీదనే ఉంచింది. "నిదానంగా పోనియ్యమను. గోతులు చూసుకోమను" అన్నది, అక్కతోటి కాదు, బండి దిక్కు చూస్తూ. ఆశా కార్యకర్త "ఇప్పుడు తారు రోడ్డేనమ్మా" అన్నది.

అక్క ఫోన్ చేతిల పట్టుకునే ఎక్కింది. తెర ఊగింది, ఆకాశం కనవడ్డది, బండి పైకప్పు, మళ్ళీ వాకిలి. దూరమవుతున్న వాకిట్ల అత్త చెయ్యి ఊపలే. కొట్టం దిక్కు పోయి గేదె పలుపు విప్పుతున్నది. అట్లనే బొమ్మ ఆగిపోయింది.

"గేదెనెందుకు వదిలేస్తున్నది?" అడిగిన.

"గాలివానప్పుడు కట్టేసి పోకూడదు" అన్నది అమ్మ. "దాని దారి అది వెతుక్కుంటుంది." పళ్ళెం మీద మూత పెట్టింది. "అక్కడి నుంచి ఫోన్ వచ్చేదాకా ఎవ్వరూ ముట్టుకోవద్దు."

తెల్లారి అది ఒడ్డు దాటింది. ఫోన్‌ల ఆ నడిమి గుంట నేల మీదికి రాంగనే చెదిరిపోయి, పాలల్ల పడ్డ బిస్కెట్ లెక్క మెత్తబడ్డది. తార్నాకల సన్నటి వాన, అంతే. అక్కకు కలవదు, బావకు కలవదు, ఎవ్వరికీ కలవదు. కవరేజీల లేరని చెప్పే ఆ అమ్మాయి గొంతు పగలంతా విన్న. కొంచెం సేపటికి ఆమె కూడా మా చుట్టమే అనిపించింది, ఆమె కూడా ఎక్కడో నీళ్ళ మధ్యల నిలబడి చెప్తున్నట్టు. అమ్మ పట్టి పెట్టిన బకెట్ల నీళ్ళు హాల్ల మెరుస్తున్నయ్. నేను వాటి మధ్యల నడిచిన, ఎవరినీ తిట్టలే. దండెం లేని బాల్కనీ దిక్కు చూసిన. అమ్మ ఆ రోజు ఒక్కసారి కూడా నన్ను ఫోన్ పక్కన పెట్టమనలే.

మర్నాడు పొద్దున తెలియని నంబర్.

"ఒసేయ్, నేనే. నర్సు ఫోను. తొందరగా విను."

ఆ గాలిలనే అక్కకు నొప్పులొచ్చినయట. ఇంకా టైం కాలే, ఇంజక్షన్ ఇచ్చి ఆపిన్రు, ఇప్పుడు సద్దుమణిగింది. లోపలిది తంతున్నది. అత్త షెల్టర్ల ఉన్నది, మంచిగనే ఉన్నది. బావ పొద్దుగాలనే వచ్చిండు, పడ్డ చెట్ల మీదికెళ్ళి బండిని చేతులతో ఎత్తుకుంట. ఊరికీ టౌనుకీ మధ్యల రోడ్డు కనవడనే కనవడదట, అంతా కొమ్మలే. వరి మొత్తం నీళ్ళల్ల. గేదె చెరువు గట్టు మీద నిలబడి ఉన్నదట, ఏం ఎరగనట్టు.

నేను స్పీకర్ పెట్టిన. అమ్మ విన్నది. ఆ చెట్ల మాట దగ్గర గోడకు ఆనుకున్నది. తర్వాత లేచి పళ్ళెం మూత తీసింది, ఒక ముద్ద తుంచి నా నోట్ల పెట్టింది. చలిమిడి అంచులు గట్టిపడ్డయ్, నడిమిట్ల మెత్తగనే ఉన్నది. ఒక ముక్క నా దోస్తుకు డబ్బాల పెట్టిచ్చింది. ఇంకొకటి గిర్నాయనకు.

బయల్దేరినంక వెనక్కి పోవద్దు కాబట్టి, ఆసుపత్రోళ్ళు పంపంగనే అక్క నేరుగ తార్నాకకు వచ్చింది. నా మంచం, నా టేబులు, నా చార్జింగ్ పాయింట్, అన్నీ పోయినయ్, అనుకున్నదానికంటె ముందే. మార్గశిరం పోకముందే పాప పుట్టింది.

పాపను చూడనీకి అత్త వచ్చింది. చేతిల ఒక సంచి, దాంట్ల తడిసి, ఎండి, రంగు మారిన వాళ్ళ చేని బియ్యం కొన్ని. నా దిక్కు చూసి, "ఏం చదువుకున్నదానా, బాగున్నావా" అన్నది. "బాగున్న అత్తయ్యా" అన్న. సంచి అందుకున్న.

మధ్యాహ్నం ఆమె నా రూంల కింద కూసొని, కాళ్ళు చాపి, పాపను వాటి మీద పడుకోబెట్టుకొని నూనె రాస్తున్నది. కిటికీలకెళ్ళి ఎండ పాప పొట్ట మీద పడ్డది. నేను గుమ్మంల నిలబడి వీడియో తీస్తున్న. ఆమె చూడలే. పాప పాదం పట్టుకొని ఒక్కో వేలు లాగుతూ పాడినట్టు అంటున్నది, చైత్రం, వైశాఖం, జ్యేష్ఠం, ఆషాఢం. బొటనవేలు దగ్గర శ్రావణం అన్నది. ఆ పాదం దించి రెండోది అందుకున్నది. బొటనవేలు పట్టుకొని కొంచెం సేపు ఊరుకుంది, మళ్ళీ శ్రావణం అన్నది. భాద్రపదం, ఆశ్వయుజం, కార్తీకం. చిటికెన వేలు మార్గశిరం.

అన్ని వేళ్ళూ సరిపోయినయ్.

ఆ వీడియో ఇప్పటికీ నా ఫోన్‌ల ఉన్నది. మొత్తం నా బొటనవేలే అడ్డమొచ్చింది, ఎర్రటి వెలుతురు తప్ప ఏం కనవడదు. మాట మాత్రం ఉన్నది.